పూజలో పెట్టిన పియానో

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. చేతిలో పనేమైనా ఉంటే దాన్నీ తెచ్చుకోండి. చిక్కుడుకాయలకి ఈనెలు తీసుకుంటూ వినగలిగే సంగతే ఇది, కళ్ళప్పగించి వినేంత పెద్ద కథ కాదు. కాకపోతే మధ్యలో లేచి వెళ్ళకండి, నాకు వరస తప్పుతుంది.

నేను చదివింది ఐదో తరగతి. అదీ మా ఊళ్ళో, తెలుగులో. అయినా పియానో పొట్టలో ఏమేమి ఉంటాయో, ఒక్కోదాన్ని ఇంగ్లీషులో ఏమంటారో, అది అక్కడ కూర్చుని చేసే పనేమిటో ఇప్పుడడిగినా గడగడా చెబుతాను. వాయించమంటే మాత్రం రాదు. ఆ మాటలన్నీ నాకు ఒక మహర్నవమి సాయంత్రం, మా డాబా మీద, బట్టలారేసే తీగ కింద వచ్చాయి.

తొంభైల్లో మేం ఢిల్లీలో ఉండేవాళ్ళం, మునిర్కాలో. మా ఆయన ఒక ఆఫీసు క్యాంటీనులో వంట చేసేవారు. మాది పై అంతస్తు. ఒక గది, వంటకి ఓ మూల, బయట డాబా. చుట్టుపక్కల గదులు తీసుకుని పెద్ద ఉద్యోగాల పరీక్షలకి చదువుకునే మన తెలుగు పిల్లలు కొందరు నా దగ్గర భోజనం చేసేవారు. అందులో కటవారియా సరాయ్‌లో ఉండే ఒక గుంటూరు అబ్బాయి నన్ను అక్కా అనీ, మా ఆయన్ని బావగారూ అనీ పిలిచి, వరస కలిపేసుకుని, మారు అన్నం తనే వడ్డించుకునేవాడు. మాకు ఒక్కతే కూతురు, అప్పటికి పదకొండేళ్ళది. నేను తెలుగులో అడిగితే అది హిందీలో జవాబు చెప్పేది. తిట్టినా హిందీలోనే ఎదురు చెప్పేది.

కింద అంతస్తు ఇంటివాళ్ళది. ఇంటావిడ హర్యానా మాట మాట్లాడే మనిషి, గొంతు విప్పితే వీధి చివర కూరగాయల బండివాడు ఆగిపోవలసిందే. నన్ను "మద్రాసన్" అని పిలిచేది. "దీదీ, మాది కాకినాడ పక్కన, మద్రాసుకీ మాకూ చాలా దూరం" అని ఎన్నిసార్లు చెప్పినా "అచ్ఛా, అచ్ఛా, ఏక్ హీ బాత్ హై" అని, అంతా ఒకటేనని కొట్టిపారేసేది. ఒకసారి ఎవరో విదేశీ దొరలు దేశం విడిచి వెళ్తూ ఇంట్లో సామానంతా అమ్మేస్తున్నారని తెలిసి ఇంటాయన సోఫాల కోసం వెళ్ళాడు. సోఫాలతో పాటు ఒక పాత పియానోని కూడా ట్రక్కులో ఎక్కించుకొచ్చాడు. ఎందుకు తెచ్చావని ఇంటావిడ అడిగితే "చెక్క గట్టిది" అన్నాడట. ముందుగదిలో గోడకి ఆనించి, దాని మీద టీవీ పెట్టారు. టీవీ పక్కన ఊరగాయ జాడీలు. మీటల మీద మూత ఎప్పుడూ మూసే ఉండేది, మజ్జిగ గ్లాసులు పెట్టుకోవడానికి వీలుగా.

మా పిల్ల ఆదివారం టీవీ చూడ్డానికి కిందికి వెళ్ళేది. ఒకరోజు గ్లాసులన్నీ కింద పెట్టి ఆ మూత తీసింది. బళ్ళో ప్రార్థనప్పుడు వాయించే పాటని చెవితో పట్టుకుని, ఒక్కో మీటా వెతుక్కుంటూ వాయించింది. ఇంటావిడ వంటింట్లోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చింది. టీవీ పగిలిందనుకుందట. అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం పిల్లని తనే పిలిచి కూర్చోబెట్టేది. "ఏయ్ మద్రాసన్, నీ పిల్ల నా అలమారాతో పాట పాడిస్తోంది!" అని పై అంతస్తుకి వినబడేలా అరిచేది.

ఆ ముచ్చటతోనే పాత ఢిల్లీ నుంచి పియానోలు బాగుచేసే ఒక పెద్దాయన్ని పిలిపించింది. నేను టార్చిలైటు పట్టుకుని పక్కన నిలబడ్డాను. ఆయన ముందు పలక తీసేసరికి లోపల ఎలుక గూడూ, దొరల పిల్లలు పడేసుకున్న రంగు పెన్సిలూ, వాటి వెనక వరసగా తీగలూ, చిన్న చిన్న చెక్క సుత్తులూ! ఆయన ఒక్కోదాన్నీ వేలితో తాకి, పిల్ల వైపు చూసి, దాని పేరూ, అది చేసే పనీ చెబుతూ తన పని చేసుకున్నాడు. అది నోరు తెరుచుకుని చూసింది. నేను టీ ఇచ్చి, గ్లాసు తీసుకుని వచ్చేశాను. అక్కడితో అది ముగిసిందనే అనుకున్నాను.

ఆ ఏడే బళ్ళో పాటల టీచరు ఒక మాట చెప్పింది. వసంత్ కుంజ్‌లో ఒక పెద్దావిడ ఉంది, చాలా ఏళ్ళు పెద్ద బళ్ళో పియానో నేర్పి ఇప్పుడు ఇంటి దగ్గర నేర్పుతోంది, ఏటా ఒక్క పిల్లని ఫీజు లేకుండా తీసుకుంటుంది, మీ అమ్మాయిని చూపించండి అని. దసరా వెళ్ళిన ఆదివారం రమ్మన్నారు. ఆవిడ్ని నేను బడి వేడుకలో ఒకసారి దూరం నుంచి చూశాను. పొట్టి జుట్టు, కళ్ళజోడుకి గొలుసు, నోరు తెరిస్తే ఇంగ్లీషు. నాకు బెంగ పట్టుకుంది. మా పిల్లకి మాత్రం ఆ రోజు నుంచి అన్నం సయించలేదు. ఆ సీటు కావాలి దానికి. ఇంకేమీ అక్కర్లేదు. చపాతీ పీట మీద వేళ్ళు ఆడించుకుంటూ, "అమ్మా, వాళ్ళు నన్ను తీసుకోకపోతే?" అని రోజూ అదే ప్రశ్న. ఆ ప్రశ్న ఒక్కటి మాత్రం తెలుగులో అడిగేది.

ఇక మహర్నవమి వచ్చింది. మా ఇంట్లో ఆయుధ పూజ, పుస్తకాల పూజ రెండూ ఆ రోజే. పూజలో పెట్టిన వస్తువుని మర్నాడు దశమి పొద్దున అమ్మవారికి ఉద్వాసన చెప్పేదాకా ముట్టుకోకూడదు. పుస్తకం తెరవకూడదు, మిషను కుట్టకూడదు, కత్తిపీట తీయకూడదు. మా చిన్నప్పుడు ఆ ఒక్కరోజు కోసం ఏడాదంతా ఎదురుచూసేవాళ్ళం. పిల్లని నిలబెట్టి చదవొద్దని పెద్దవాళ్ళే చెప్పే రోజు అది కదా!

గుంటూరు అబ్బాయి పొద్దున్నే గోనెసంచీ నిండా పుస్తకాలు మోసుకొచ్చాడు. చరిత్ర, భూగోళం, ఇటుకరాయంత నిఘంటువు, నెల రోజుల పేపర్లు, చివరికి అలారం గడియారం.

"గడియారం కూడానా తమ్ముడూ?" అన్నాను.

"అదీ చదువుకి సంబంధించిందే అక్కా. నన్ను లేపేది అదే."

మా ఆయన నవ్వారు. "అయితే ఆ మంచం కూడా తెచ్చి పెట్టెయ్."

"మంచం మీద నేను చదవను బావగారూ, పడుకుంటాను. దాన్ని పూజలో పెట్టేస్తే ఇవాళ నాకు పనేం ఉంటుంది?"

కుట్టుమిషనూ, కత్తిపీటా, పుస్తకాలూ, పిల్ల సంచీ అన్నీ అమర్చాను. బొట్లు పెట్టి, గుగ్గిళ్ళు నైవేద్యం పెట్టి, హారతి ఇస్తుంటే మా పిల్ల నా కొంగు లాగింది. "అమ్మా, పియానో?" నిజమే. చదువుల తల్లి చేతిలో ఉన్నదే వాద్యం. వాద్యాన్ని వదిలేసి నిఘంటువుకి బొట్టు పెడితే ఆవిడ ఏమనుకుంటుంది? పళ్ళెం పట్టుకుని కిందికి వెళ్ళాను.

ఇంటావిడ సంబరం చెప్పలేను. టీవీ దింపించింది, జాడీలు తీసేసింది, బంతిపూల దండ తనే తెచ్చింది. నేను పసుపు రాసి, బొట్లు పెట్టి, మూత తెరిచి, మీటల మీద గుప్పెడు అక్షింతలు చల్లి దణ్ణం పెట్టాను. ఇంటావిడ మూత మూసి, దాని మీద దండ అడ్డంగా వేసి, "ఇప్పుడు ఎవరూ ముట్టుకోకూడదు కదా?" అని అడిగింది. "రేపు పొద్దుటిదాకా ముట్టుకోకూడదు దీదీ" అన్నాను, గొప్పగా.

మధ్యాహ్నం ఆ ఇంటి ఫోను మోగింది. మాకొచ్చే ఫోనులన్నీ అక్కడికే వచ్చేవి. నేను వెళ్ళి తీశాను. వసంత్ కుంజ్ ఆవిడ. సగం ఇంగ్లీషు, సగం హిందీ, ఒక్క పొల్లు మాట లేదు. "ఆదివారం కాదు. రేపు పొద్దున తొమ్మిదింటికి తీసుకురండి. పియానోలో ఏ వస్తువు పేరేమిటో, అది ఏం చేస్తుందో అడుగుతాను. ఆలస్యం చేయొద్దు." ఏం వాయించాలో అడుగుదామని నేను నోరు తెరిచేలోపు పెట్టేసింది.

పైకి వచ్చి చెప్పాను. మా పిల్ల నిలబడ్డచోటే కూలబడింది.

"రేపే? అమ్మా, నేను అభ్యాసం చెయ్యాలి! ఇప్పుడే!"

అందరం నా వైపు చూశాం అనబోయాను, నన్ను నేను ఎలా చూసుకుంటాను? అందరూ నా వైపు చూశారు. పూజలో పెట్టించింది నేనే కదా.

మా ఆయన గొంతు తగ్గించి, "పిల్ల కాసేపు వాయించుకుంటే అమ్మవారు ఏమీ అనుకోదులే" అన్నారు. నాకూ మనసు అటే లాగింది. ముగ్గురం మెల్లగా కిందికి దిగాం. ఇంటావిడ పియానో ముందు కుర్చీ వేసుకుని బఠాణీలు వలుస్తోంది.

"దీదీ, పిల్లకి రేపే పరీక్షట..."

"తో? అయితే ఏంటి?"

"కొంచెంసేపు..."

"మద్రాసన్!" అని లేచింది. "దేవీమాత ముందు పెట్టింది నువ్వు. ముట్టుకోకూడదన్నది నువ్వు. ఇప్పుడు తీయమనేదీ నువ్వేనా? నా ఇంట్లో అలాంటివి కుదరవు. రేపు పొద్దున రండి!"

మా ఆచారాన్ని మాకంటే గట్టిగా పట్టుకుని కూర్చుంది. మా ఆయన మెట్లెక్కుతూ, "నువ్వు నేర్పిన శిష్యురాలు, నిన్నే మించిపోయింది" అని దెప్పిపొడిచారు.

మేం పైకొచ్చేసరికి గుంటూరు అబ్బాయి పులిహోర తింటున్నాడు. విషయం విని పళ్ళెం కింద పెట్టాడు. "వాయించడం కుదరకపోతే మాటలైనా నేర్చుకుందాం. ఆవిడ అడుగుతానన్నది అవే కదా. ఎంతసేపు, నిఘంటువు తీసి..." అని ఆగిపోయాడు. నిఘంటువు నెత్తిన బొట్టుతో, అమ్మవారి పటం ముందు, గడియారం కింద ఉంది.

పియానో ముట్టుకోకూడదు. పుస్తకం తెరవకూడదు. పొద్దు వాలుతోంది. పిల్ల కళ్ళలో నీళ్ళు.

అప్పుడు నాకు టార్చిలైటు పట్టుకున్న రోజు గుర్తొచ్చింది. నాకొక అలవాటుంది. వంటింట్లో డబ్బాల మీద నేను పేర్లు రాసుకోను. ఏది ఎక్కడ ఉంటుందో చోటు గుర్తుపెట్టుకుంటాను. ఆవాలు ఎక్కడున్నాయో నా చేతికి తెలుసు. ఆ పెద్దాయన పియానోలో ఏ మూల వేలు పెట్టాడో, అప్పుడు ఏమన్నాడో, అది అలాగే బుర్రలో ఉండిపోయింది. ఇంగ్లీషు మాట సగం నోటికి వస్తే, పిల్ల మిగతా సగం అందించింది. అబ్బాయి దాన్ని సరిగ్గా పలికించి, బళ్ళో నేర్చుకున్నదాన్ని బట్టి అర్థం చెప్పాడు. ఒక్కరి వల్ల అయ్యేది కాదది. ముగ్గురం కలిస్తే ఒక మనిషికి సరిపడా తెలిసింది.

"డాబా మీదికి పదండి" అన్నాను. "తీగ అక్కడుంది."

బట్టలారేసే ఇనప తీగ ఒక పక్క గోడకీ, ఇంకో పక్క మా పాత చెక్కతలుపు చట్రంలో దిగేసిన పెద్ద మేకుకీ చుట్టి ఉండేది. దాని మీద ఇంటివాళ్ళ దుప్పట్లున్నాయి. అన్నీ తీసి మడతపెట్టాను.

"ఇది స్ట్రింగ్" అని తీగని మీటాను. ఉస్సుమంది. "తలుపుకి చెవి ఆనించు" అన్నాను. పిల్ల చెవి ఆనించింది, నేను మళ్ళీ మీటాను. అది ఉలిక్కిపడి వెనక్కి తగ్గింది.

"అరే! లోపల ఎవరో ఉన్నారు!"

"అదే సౌండ్‌బోర్డు. తీగ ఒక్కటే ఉంటే చీమ కూత. వెనకాల వెడల్పాటి చెక్క ఉంటే గది నిండా మోత. తీగ వణుకుని చెక్కకి మోసుకెళ్ళే ఇరుకు పట్టీ ఒకటుంది, దాన్ని బ్రిడ్జి అన్నాడు."

"వంతెన" అన్నాడు అబ్బాయి. "ఈ ఒడ్డున తీగ, ఆ ఒడ్డున చెక్క. మోత నడిచి వెళ్ళాలంటే వంతెన ఉండాలి కదా."

"ఈ మేకు?"

"ట్యూనింగ్ పిన్." పట్టకారుతో మేకుని కొంచెం తిప్పి, పిల్లని మీటమన్నాను. స్వరం పైకి పాకింది. ఇంకొంచెం తిప్పాను. ఇంకొంచెం పాకింది. "చూశావా, బిగిస్తే గొంతు పెరుగుతుంది. కింద మీ ఆంటీలాగా."

పిల్ల నవ్వింది. అబ్బా, ఆ నవ్వుతో నాకు సగం బరువు దిగింది.

తర్వాత వంటింట్లోంచి పళ్ళేలు తెప్పించాను. కంచుపళ్ళెం ఒకటి, స్టీలువి రెండు. పళ్ళెం అంచుకి తాడు కట్టి వేలాడదీసి, గరిటెతో కొట్టాను. ఖంగున మోగింది. గరిటెకి గుడ్డ చుట్టి కొట్టాను. మెత్తగా, గుడి గంటలా మోగింది. "గరిటె హ్యామర్. మీట నొక్కితే ఇది వెళ్ళి తీగని కొడుతుంది. దాని మూతికి ఉన్ని చుట్టి ఉంటుంది. పురుగులు తినేశాయి అన్నాడే ఆయన, తెల్లగా, మెత్తగా..."

"ఫెల్ట్!" అంది పిల్ల.

"అదే. సుత్తికి స్వెటరు."

డ్యాంపర్ దగ్గర అబ్బాయి బుర్ర గోక్కున్నాడు. "డ్యాంప్ అంటే తేమ అక్కా. తడిపేదేమో మరి?"

"తీగలు తడిపితే తుప్పు పట్టవూ?" అని పళ్ళెం మోగించి, మోగుతుండగానే అరచెయ్యి ఆనించాను. మోత ఠక్కున ఆగిపోయింది. "మీట వదలగానే తీగ మీదికొచ్చి ఇలా కూర్చుంటుంది. ఊరుకోమని చెబుతుంది."

"అయితే చల్లార్చేది! అర్థమైంది. మంట మీద నీళ్ళు చల్లినట్టు" అన్నాడు వాడు, తన తేమ పోనివ్వకుండా.

పెడల్‌కి మాత్రం కుట్టుమిషను కావాలి. అదేమో పూజలో ఉంది. అప్పుడు మా ఆయన్ని కూడా పిలిచి, ముగ్గురికీ తాడు కట్టిన పళ్ళెం తలొకటి ఇచ్చి, మోగించి రెండో అరచేత్తో పట్టుకోమన్నాను. "నేను కాలు నేలకి తడితే అందరూ ఒకేసారి చేతులు ఎత్తెయ్యాలి. ఎత్తాక ఏది మోగించినా ఆగకూడదు. కాలు తీస్తే మళ్ళీ పట్టుకోవాలి. నేను పెడల్, మీరు డ్యాంపర్లు."

తట్టాను. ముగ్గురూ చేతులెత్తారు. పిల్ల గరిటె పట్టుకుని మూడింటినీ వాయించేసింది. మునిర్కా అంతా మోగింది. మా ఆయన పళ్ళెం చేజారి నేల మీద గిరగిరా తిరుగుతూ ఇంకా మోగుతోంది. "మీ డ్యాంపర్ పనిచేయడం లేదు బావగారూ" అన్నాడు అబ్బాయి.

మెట్ల మీద దబదబమని అడుగులు వినబడ్డాయి. ఇంటావిడ!

"క్యా హో రహా హై? పెళ్ళి ఊరేగింపా? నా దుప్పట్లేవి? ఆ కుళాయి ఎందుకు కారుతోంది, నీళ్ళు మీ నాన్న పంపిస్తాడా?"

కుళాయి కారడం నిజమే. మెట్రోనోమ్ అంటే ఏమిటో చూపించడానికి నేనే బకెట్లో బొట్టు బొట్టు పడేలా వదిలాను. పాట పరుగెత్తకుండా, వెనకబడకుండా కొలత పట్టే గడియారం అది. టపు, టపు, టపు. పిల్ల వెళ్ళి ఇంటావిడ చెయ్యి పట్టుకుని, ఒక్కొక్కటీ వాళ్ళ హిందీలో చెప్పింది. ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని వింది. చెవి తలుపుకి ఆనించింది. పళ్ళెం మోగించి తనే అరచెయ్యి వేసింది, మళ్ళీ మోగించింది, మళ్ళీ వేసింది. ఆఖరికి, "నా టీవీ కింద ఇదంతా ఉందా?" అంది. ఆ గొంతులో అంత మెత్తదనం అంతకుముందు నేను వినలేదు. తర్వాత తనే కుళాయి దగ్గర కూర్చుని, "కానివ్వండి, కానివ్వండి. ఒక్క బకెట్ నిండేదాకా" అంది.

మెట్ల దగ్గర ఆక్టేవ్ నేర్చుకున్నాం. ఆక్ట్ అంటే ఎనిమిదని అబ్బాయి చెప్పాడు. కింది మెట్టు మీద స అని మొదలుపెట్టి ఒక్కో మెట్టుకీ ఒక్కో స్వరం ఎక్కుతూ పోతే, ఎనిమిదో మెట్టు మీద మళ్ళీ స వస్తుంది. అదే పేరు, అదే మనిషి, కాకపోతే పైనుంచి చూస్తాడు. మూడు మెట్ల మీద ముగ్గురు నిలబడి మూడు స్వరాలూ ఒకేసారి పాడితే అది కార్డ్, అంటే స్వరాల గుత్తి. మా ఆయన పాడితే అది ఇంకేదో.

మర్నాడు తెల్లవారుతూనే స్నానాలు చేసి, అమ్మవారికి ఉద్వాసన చెప్పి కిందికి పరిగెత్తాం. ఒక్కసారైనా పాట వాయించుకుని వెళ్దామని పిల్ల ఆశ. దండ తీసి, మూత తెరిచి కూర్చుంది. రెండు స్వరాలు పలికాయి. మూడోది నొక్కితే మీట దిగింది, పైకి రాలేదు. మళ్ళీ నొక్కింది. కదల్లేదు. వంగి చూస్తే మీటకీ మీటకీ మధ్య పసుపు బియ్యపు గింజ. నేను చల్లినదే. నా గుప్పెడు అక్షింతలు.

పిల్ల ఏడవలేదు. అదే నాకు ఎక్కువ భయమేసింది. ముఖం రాయిలా పెట్టుకుని లేచి చెప్పులు వేసుకుంది. ఆటో ఎక్కాం. డ్యాంపర్ అంటే ఏమిటమ్మా అని అడిగితే పెదవి కదిపింది, మాట రాలేదు. నేర్చుకున్నవన్నీ ఆ బియ్యపు గింజ దగ్గరే ఆగిపోయాయనిపించింది. వెళ్ళగానే వాయించమంటే ఏం చెయ్యాలి? ఇంగ్లీషావిడకి నవమి ఏమిటో, పూజ ఏమిటో ఎలా చెప్పాలి? హిందీలో ఒక్కో వాక్యం కూడబలుక్కుంటూ కూర్చున్నాను.

తలుపు తీసింది ఆవిడే. ముందు నాకు కర్పూరం వాసన తగిలింది. తర్వాత చూద్దును కదా, గదిలో నల్లటి పెద్ద పియానో, మూత మూసి ఉంది, దాని మీద చందనం, కుంకుమ, అడ్డంగా మల్లెదండ! పక్కన పీట మీద దీపం, చిన్న గంట, సుండల్. మా గుగ్గిళ్ళే.

ఆ పొట్టి జుట్టావిడది తంజావూరు దగ్గర ఊరట.

"లోపలికి రండి" అంది, ఈసారి హిందీలో, నెమ్మదిగా. "ఇవాళ విజయదశమి కదా. నవమి నాడు వాద్యం మూసి, దశమి నాడు కొత్త పిల్ల చేత తెరిపించడం మా ఇంట్లో అలవాటు. ఆదివారమంటే ఈ మంచిరోజు పోతుందని మార్చాను. మన వైపు ఇళ్ళల్లో నిన్న ఎవరూ వాయించి ఉండరు, అందుకే వాయించమని అడగను. మాటలే అడుగుతాను."

నాకు అక్కడే కూర్చోవాలనిపించింది. మన పక్క రాష్ట్రం మనిషినే దొరసాని అనుకుని రాత్రంతా భయపడ్డాను కదా! కానీ ఆవిడ వెంటనే పిల్ల వైపు తిరిగింది.

"చెప్పమ్మా. వాట్ ఈజ్ ఎ డ్యాంపర్?"

పిల్ల నేల చూసింది. గోడ గడియారం టిక్కు టిక్కుమంటోంది. ఆవిడ తొందరపెట్టలేదు, సాయం కూడా చేయలేదు. నా అరచెయ్యి నాకు తెలియకుండానే గాలిలోకి లేచింది, మళ్ళీ దించుకున్నాను. పిల్ల అది చూసిందో లేదో తెలియదు. మెల్లగా పీట దగ్గరికి నడిచి, పూజగంట తీసి ఒక్కసారి మోగించింది. మోగుతుండగానే గుప్పిట్లో పట్టుకుంది. గది నిశ్శబ్దమైపోయింది.

"యే హై, ఆంటీ" అంది.

ఆవిడ కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుంది. "ఇంకా?"

ఇక ఆగలేదు నా తల్లి. స్ట్రింగ్ అంటే బట్టల తీగనీ, ట్యూనింగ్ పిన్ తిప్పితే కింది ఆంటీలా గొంతు పెరుగుతుందనీ, సౌండ్‌బోర్డంటే మా తలుపనీ, పెడల్ అంటే మా అమ్మ కాలనీ సగం హిందీ, సగం ఇంగ్లీషు, మధ్యలో తెలుగు కూడా కలిపి చెప్పేసింది. ఫెల్ట్ అడిగితే, "హ్యామర్ స్వెటరు. పురుగులు తింటాయి" అంది. ఆవిడ తల వెనక్కి వేసి నవ్వింది. "నిజమే, ఢిల్లీలో అసలు అర్థం అదే!"

తర్వాత దండ తీసి, మూత తెరిచి, పిల్ల చెయ్యి పట్టుకుని ఒక మీట మీద పెట్టింది. "ఇవాళ్టికి ఒక్క స్వరం చాలు. పూర్తిగా చల్లారేదాకా విను." పిల్ల నొక్కింది. మేం ముగ్గురం ఊపిరి బిగబట్టి విన్నాం. అది చాలాసేపు ఉంది.

"సోమవారం నుంచి పంపించండి" అంది ఆవిడ నాతో. మెట్లు దిగబోతుంటే వెనక్కి పిలిచింది. "ఒక్క మాట. మీరూ పియానోని పూజలో పెట్టే ఉంటారు, అక్షింతలు మీటల మీద చల్లలేదు కదా?"

నేను కొంగు సర్దుకున్నాను.

"అయ్యో, చల్లారా! నేనూ మొదటి ఏడు చల్లాను. సూదితో గుచ్చకండి, లోపలికి పోతుంది. పియానోలు బాగుచేసే ఆయన్ని పిలిపించి మీట తీయించండి. వచ్చే ఏడు పూలు చాలు."

ఇంటికి వచ్చేసరికి ఇంటావిడ గుమ్మంలోనే ఉంది, వెనక మెట్ల మీద గుంటూరు అబ్బాయి, ఉద్వాసన అయినా పుస్తకాలు తీసుకెళ్ళకుండా. "క్యా హువా?" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు. పిల్ల సమాధానం చెప్పకుండా రెండు చేతులూ పైకెత్తి గట్టిగా నేలని తన్నింది. పెడల్. ఇద్దరికీ అర్థమైపోయింది. ఇంటావిడ దాన్ని ఎత్తుకుని గిరగిరా తిప్పింది. ఆ సాయంత్రం ఇంటాయన టీవీని మళ్ళీ పియానో మీదికి ఎత్తబోతే, "నేల మీద పెట్టు! దాని కింద వంతెన ఉంది, చెక్క ఉంది, స్వెటర్లున్నాయి, నీకేం తెలుసు!" అని విరుచుకుపడింది. మేం ఆ ఇల్లు ఖాళీ చేసేదాకా టీవీ నేల మీదే ఉంది.

ఇదీ సంగతి. ఇప్పుడు మా అమ్మాయి పదిమంది పిల్లలకి నేర్పుతోంది. ఇప్పటికీ నవమి నాడు ఫోను చేసి, "అమ్మా, బొట్టు పెట్టాను, పూలు వేశాను, బియ్యం వెయ్యలేదు" అని చెబుతుంది. హిందీలోనే.

చిక్కుడుకాయలు అయిపోయాయా? మంచిది, లేవండి ఇక. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ పిల్లలు కోరిన చదువు మీ గడప దాటి వాళ్ళకి ఎదురు రావాలి. మీ ఇంట ఎవరి గొంతూ మూగపోకూడదు, కోపాల మోత మాత్రం అరచెయ్యి ఆనించినట్టు ఆగిపోవాలి. మీ డబ్బాల్లో బియ్యం ఎప్పుడూ నిండుగా ఉండాలి, మీటల మధ్య మాత్రం ఒక్క గింజ కూడా పడకూడదు.